సిమ్స్ చెంచా, అనార్కా దేహం

1845 జూన్. అమెరికా దక్షిణాది రాష్ట్రం అలబామాలో, మాంట్‌గమరీ పట్టణానికి మైలు దూరంలో వెస్ట్‌కాట్ అనే తెల్ల భూస్వామి తోట. అక్కడ బానిసగా ఉన్న అనార్కా అనే నల్లజాతి అమ్మాయి మూడు రోజులుగా పురిటి నొప్పులు పడుతోంది. వయసు 17. బిడ్డ తల కిందికి దిగి కటి ఎముకల మధ్య ఇరుక్కుపోయింది. 72 గంటలు గడిచాక డాక్టర్‌కు కబురు వెళ్ళింది. వచ్చిన డాక్టర్ ఫోర్సెప్స్ వేసి బిడ్డను బయటికి లాగాడు. బిడ్డ దక్కలేదు. అనార్కా బతికింది. కానీ కొద్ది రోజులకే ఆమెకు మూత్రం మీద పట్టు పూర్తిగా పోయింది. కూర్చున్నా, నిలబడ్డా, నిద్రపోతున్నా కారుతూనే ఉంది. మలం కూడా యోని దారినే వస్తోంది.

ఆ డాక్టర్ పేరు జేమ్స్ మారియన్ సిమ్స్. ఆధునిక గైనకాలజీకి పితామహుడని లోకం ఆయన్ను చాలాకాలం పొగిడింది. మన ప్రభుత్వాస్పత్రి గైనిక్ వార్డులో పనిచేసే ఏ నర్సమ్మనైనా అడగండి, సిమ్స్ స్పెక్యులమ్ ఏ ట్రేలో ఉందో వెంటనే చూపిస్తుంది. అనార్కా ఎవరని అడిగితే మాత్రం తెలియదంటుంది. తప్పు ఆమెది కాదు. ఆమె చదివిన పుస్తకంలో ఆ పేరు లేదు.

ముందు అనార్కా ఒంట్లో ఏం జరిగిందో అర్థం చేసుకుందాం. కాన్పు ముందుకు సాగక బిడ్డ తల గంటల తరబడి, రోజుల తరబడి ఒకేచోట ఆగిపోతే, ఆ తలకూ తల్లి కటి ఎముకకూ మధ్య మూత్రసంచి గోడ, యోని గోడ నలిగిపోతాయి. నెత్తురు అందక ఆ కండ చచ్చిపోతుంది. కొన్ని రోజుల్లో అది ఊడిపోయి అక్కడ కన్నం పడుతుంది. దాన్నే ఫిస్టులా అంటారు. ఆ కన్నంలోంచి మూత్రం రాత్రీ పగలూ యోనిలోకి జారుతూనే ఉంటుంది. తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఎంత కడుక్కున్నా వాసన పోదు. మొగుడు వదిలేస్తాడు. ఇంట్లోవాళ్ళు పక్క పాకలో పడుకోమంటారు. పెళ్ళికీ పండక్కీ పిలవరు. మనిషిని దూరం పెట్టడమంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ జబ్బు ఎవరికి వస్తుందన్నది కూడా చూడాలి. చిన్నప్పటి నుంచీ చాలీచాలని తిండి తిని ఎముకలు సరిగా ఎదగక కటి ఇరుకైన ఆడపిల్లకు వస్తుంది. ఒళ్ళు ఎదగకముందే గర్భం మోయాల్సి వచ్చిన పిల్లకు వస్తుంది. కాన్పు అడ్డం తిరిగినప్పుడు చేయందించే మనిషి లేని చోట వస్తుంది. బానిస తోటల్లో ఈ మూడూ ఉన్నాయి. 1808 నుంచి అమెరికాలో బానిసల దిగుమతి చట్టరీత్యా ఆగిపోయింది. ఆ తర్వాత యజమాని ఆస్తి పెరగాలంటే ఉన్న బానిస స్త్రీలే కనాలి. పుట్టిన బిడ్డ తల్లిది కాదు, యజమానిది. పిల్లల్ని కనలేని, పొలంలో పనిచేయలేని స్త్రీ ఆయన లెక్కల పుస్తకంలో నష్టం కిందికి వచ్చేది. అనార్కాను బాగుచేయడంలో యజమానులకూ డాక్టర్‌కూ ఎందుకంత ఆసక్తి కలిగిందో అక్కడి నుంచి చదవాలి.

సిమ్స్ 1813 జనవరి 25న దక్షిణ కరోలినాలోని లాంకాస్టర్ కౌంటీలో పుట్టాడు. పెద్ద జమీందారీ కుటుంబమేమీ కాదు. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో 1835లో పట్టా తీసుకుని సొంత ఊళ్ళో బోర్డు కట్టాడు. మొదటి ఇద్దరు రోగులూ పసిపిల్లలు, ఇద్దరూ చనిపోయారు. ఊరు వదిలి అలబామా చేరాడు. 1840లో మాంట్‌గమరీలో స్థిరపడ్డాడు. వంకర పాదాలు, మెల్లకన్ను, చీలిన అంగిలి సరిచేసి సర్జన్‌గా పేరు తెచ్చుకున్నాడు. తోటల యజమానులు తమ బానిసలకు వైద్యం చేయించింది ఆయన దగ్గరే. ఆయనకూ సొంత బానిసలు ఉన్నారు. ఆడవాళ్ళ జబ్బులంటే మాత్రం ఆయనకు మొదట్లో అసహ్యం. తన ఆత్మకథలో ఆయనే ఆ సంగతి దాచుకోకుండా రాసుకున్నాడు.

ఆయన ప్రయోగాలు అనార్కాతో మొదలు కాలేదు. బానిస తల్లులకు పుట్టిన పసికందులకు దవడలు బిగుసుకుపోయే ధనుర్వాతం వచ్చేది. బొడ్డు నుంచి సోకే క్రిమి వల్ల వస్తుందని అప్పటికి తెలియదు. పుట్టేటప్పుడు పుర్రె ఎముకలు పక్కకు జరగడం వల్ల వస్తుందని సిమ్స్ ఊహించాడు. చెప్పులు కుట్టే ఆరెతో ఆ పిల్లల పుర్రె ఎముకల్ని పైకి లేపి సరిచేయాలని చూశాడు. పిల్లలు చనిపోయారు. మన తాతల చేతుల్లో ఆరె తోలును చెప్పుగా మార్చింది. ఆ పనిముట్టును అంటరానిదిగా చూసిన లోకమే, దాన్ని పసిపిల్ల తలలో గుచ్చిన చేతిని శాస్త్రమని గౌరవించింది.

అనార్కా తర్వాత కొద్ది వారాల్లోనే ఇదే బాధతో మరో ఇద్దరు బానిస స్త్రీలు సిమ్స్ దగ్గరికి వచ్చారు. బెట్సీ, లూసీ. ఇది నయమయ్యేది కాదని చెప్పి వాళ్ళను వెనక్కి పంపే ఆలోచనలో ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఒక తెల్లావిడ గుర్రం మీద నుంచి పడి గర్భసంచి పక్కకు తిరిగి నొప్పితో విలవిల్లాడుతుంటే ఆయన్ను పిలిచారు. ఆవిడను మోకాళ్ళ మీద వంచి, దుప్పటి కప్పి, లోపల వేళ్ళు పెట్టి సరిచేయబోయాడు. ఆ భంగిమలో గాలి లోపలికి పోయి యోని బుడగలా విచ్చుకుంది, గర్భసంచి దానంతటదే సర్దుకుంది. సిమ్స్‌కు మెరుపులా తట్టింది: ఈ భంగిమలో ఉంచితే ఫిస్టులా కన్నం కంటికి కనబడుతుంది, కనబడితే కుట్టవచ్చు. దారిలో ఒక తగరపు చెంచా కొన్నాడు. ఇంటికొచ్చి దాని కాడ వంచి, ఇంకా వెళ్ళిపోని బెట్సీని మోకాళ్ళ మీద వంచి లోపల పెట్టి చూశాడు. కన్నం స్పష్టంగా కనబడింది. ఆ వంచిన చెంచాయే తర్వాత సిమ్స్ స్పెక్యులమ్ అయింది.

ఇక ఆయన ఆగలేదు. యజమానులతో మాట్లాడుకున్నాడు. ఆడవాళ్ళను తన దగ్గర ఉంచాలి, తిండి ఖర్చు తనది, బట్టలూ పన్నూ యజమానులవి, ప్రాణాపాయం ఉన్న ఆపరేషన్ చేయకూడదు. ఇదీ ఒప్పందం. సంతకాలు, మాటలు అన్నీ యజమానికీ డాక్టర్‌కూ మధ్యే. కోత పడేది ఎవరి ఒంటి మీదో ఆ ఒప్పందంలో వాళ్ళు పక్షమే కాదు. ఇంటి వెనక పెరట్లో చిన్న ఆస్పత్రి కట్టించాడు. అక్కడ ఇంకొంతమంది ఫిస్టులా బాధితులు చేరారు. వాళ్ళ పేర్లు ఆయన రాయలేదు. మూడు పేర్లే మిగిలాయి.

మొదట కత్తి కిందికి వచ్చింది లూసీ. పది పన్నెండు మంది డాక్టర్లను చూడ్డానికి పిలిచాడు. మత్తు లేదు. మోకాళ్ళ మీద వంగి, తలను చేతుల మధ్య పెట్టుకుని లూసీ గంటసేపు ఆ బాధ భరించింది. ఆపరేషన్ తర్వాత మూత్రం పీల్చుకోవడానికి మూత్రనాళంలో సిమ్స్ ఒక స్పాంజి ముక్క పెట్టాడు. అది లోపలే గట్టిపడి, చీము పట్టి, లూసీ చావు అంచుదాకా వెళ్ళింది. దాన్ని లాగేటప్పుడు మరో నరకం. కోలుకోవడానికి రెండు మూడు నెలలు పట్టింది. ఆమె పడిన యాతన అంతా ఇంతా కాదని, చనిపోతుందనే అనుకున్నానని సిమ్సే రాశాడు. అంటే నొప్పి ఆయన కంటికి కనబడింది. నల్లవాళ్ళకు నొప్పి తక్కువ అన్న నమ్మకం ఆనాటి తెల్ల వైద్యుల్లో బాగా ప్రచారంలో ఉంది. లూసీని చూశాక కూడా ఆయన చేయి ఆగలేదు.

మత్తుమందు విషయంలో ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈథర్‌తో ఆపరేషన్ చేయవచ్చని బోస్టన్‌లో బహిరంగంగా చూపించింది 1846 అక్టోబర్‌లో. ఆ మరుసటి ఏడాదే క్లోరోఫామ్ వచ్చింది. మొదటి ఆపరేషన్లప్పుడు ఏ డాక్టర్‌కూ మత్తు అందుబాటులో లేదు. కానీ ప్రయోగాలు 1849 దాకా సాగాయి. కబురు దేశమంతా పాకిన తర్వాత కూడా అనార్కా మీద మత్తు లేకుండానే కోతలు పడ్డాయి. ఫిస్టులా ఆపరేషన్‌లో మత్తు ఇచ్చేంత నొప్పి ఉండదని ఆయన తర్వాత న్యూయార్క్‌లో ఒక ఉపన్యాసంలో వాదించాడు. లూసీ గురించి రాసిన చెయ్యీ ఇదే. ఆపరేషన్ తర్వాత మాత్రం నల్లమందు ఇచ్చేవాడు, ప్రధానంగా మలం కట్టడానికి, కుట్లు కదలకుండా ఉండడానికి.

నాలుగేళ్ళపాటు ఓటమి మీద ఓటమి. పట్టుదారం కుట్లు చీము పట్టి ఊడిపోయేవి, చిన్న కన్నం మిగిలిపోయేది, మళ్ళీ మూత్రం కారేది. మొదట్లో సాయం చేసిన తెల్ల డాక్టర్లు విసుగొచ్చి ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు ఆయనకు సాయం నిలబడింది ఎవరు? ఆ ఆడవాళ్ళే. ఇవాళ కోత కోయించుకున్న మనిషి రేపు ఇంకో మనిషిని పట్టుకుని నిలబడాలి, చెంచా సరైన కోణంలో పట్టుకోవాలి, గాయం కడగాలి. దేశంలో అప్పటికి ఫిస్టులా సర్జరీని ఇంత దగ్గర నుంచి, ఇన్నిసార్లు చూసినవాళ్ళు సిమ్స్ తర్వాత వాళ్ళే. అక్షరం నేర్చుకోవడం నిషేధమైన మనుషులు, చేతులతో ఆ విద్య నేర్చుకున్నారు. ఏ జర్నల్లోనూ ఆ చేతులకు పేరు దక్కలేదు.

1849 వేసవిలో అనార్కాకు ముప్పయ్యో ఆపరేషన్. ఈసారి పట్టుదారం బదులు సన్నటి వెండి తీగ వాడాడు. ఆపరేషన్ తర్వాత మూత్రసంచిని ఎప్పటికప్పుడు ఖాళీ చేయడానికి వంపు తిరిగిన కేథటర్ పెట్టాడు. వారం తర్వాత చూస్తే కుట్లు శుభ్రంగా అతుక్కున్నాయి. కన్నం మూసుకుంది. ఆ తర్వాత బెట్సీకీ లూసీకీ కూడా నయమైంది. ముప్పై సార్లు అన్నది మనం తేలిగ్గా చదివేస్తాం. మోకాళ్ళ మీద వంగి ముప్పైసార్లు.

సిమ్స్‌ను సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆడవాళ్ళు నయం కావాలని తపించారని, ఆపరేషన్ చేయమని వాళ్ళే అడిగారని సిమ్స్ రాశాడని గుర్తు చేస్తారు. నయం కావాలని కోరుకోవడం నిజమే అయ్యుండాలి, ఆ బాధలో ఎవరు కోరుకోరు? నా అభ్యంతరం అక్కడ లేదు. వద్దు అనే అవకాశం లేనివాళ్ళ సరే అన్న మాటకు విలువెంత అన్నదే ప్రశ్న. పైగా ఆ మాట మనకు చేరింది డాక్టర్ రాతలోంచి మాత్రమే. అనార్కా తన కథ తను రాసుకోలేదు.

ఇదేదో పాతకాలం సంగతి అనుకునేవాళ్ళకు ఖమ్మం జిల్లా గుర్తు చేయాలి. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశోధన పేరిట వేలాది ఆడపిల్లలకు సూదులు వేశారు. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో చదువుకునే గిరిజన బిడ్డలు. తల్లిదండ్రుల బదులు అనుమతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. వెండి తీగ కూడా మంచిదే. సంతకం ఎవరు పెట్టారన్నదే ఇక్కడి విషయం.

మళ్ళీ సిమ్స్ దగ్గరికి. ఫిస్టులా చికిత్స మీద ఆయన వ్యాసం 1852లో ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయింది. వర్జీనియాలో జాన్ పీటర్ మెటావర్ అనే డాక్టర్ 1838లోనే సీసపు తీగతో ఒక ఫిస్టులా మూశాడు కాబట్టి సిమ్స్ మొట్టమొదటివాడు కాదు. కానీ పద్ధతి నలుగురికీ నేర్పగలిగేలా చేసింది, ప్రచారం చేసుకుంది సిమ్స్. విడవని విరేచనాల జబ్బుతో చిక్కిపోయి 1853లో న్యూయార్క్ వెళ్ళాడు. 1855లో అక్కడ మహిళల కోసమే ఒక ఆస్పత్రి తెరిపించాడు. మొదటి రోగుల్లో చాలామంది ఐర్లాండ్ కరువు నుంచి పారిపోయి వచ్చిన నిరుపేద ఆడవాళ్ళు. వాళ్ళలో మేరీ స్మిత్ అనే ఆమెకు కూడా దాదాపు ముప్పై ఆపరేషన్లు జరిగాయి. దక్షిణాదిన నల్ల దేహం, ఉత్తరాదిన పేద వలస దేహం. అక్కడ పదును తేలిన చెయ్యి 1861 తర్వాత యూరప్‌లో గొప్పింటి ఆడవాళ్ళ చికిత్సకు అక్కరకొచ్చింది. ఫ్రాన్స్ చక్రవర్తి భార్య యూజినీ కూడా ఆయన రోగే.

1874లో ఆయన తన ఆస్పత్రి నుంచే బయటికి రావాల్సి వచ్చింది. కారణాల్లో ఒకటి, ఆపరేషన్ చూడ్డానికి వచ్చే మగ డాక్టర్ల సంఖ్యకు ఆస్పత్రి పాలకమండలి 15 అని పరిమితి పెట్టడం. రోగుల మర్యాద కోసం పెట్టిన నియమం అది. సిమ్స్‌కు నచ్చలేదు. 1876లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు. 1883 నవంబర్ 13న న్యూయార్క్‌లో చనిపోయాడు. అంతకు పదేళ్ళ ముందు, 1873లో, ఇక్కడ జోతిరావ్ ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఒకే కాలంలో బతికిన ఇద్దరు మనుషులు.

ఆయన చెంచా ఇవాళా మనకు పనికొస్తోంది, కాబట్టి దానికి సంబంధించిన జ్ఞానం కూడా మనకు అందాలి. మా అమ్మ నాట్లకు వెళ్ళే రోజున పొద్దుటి నుంచి నీళ్ళు తాగేది కాదు. పొలంలో మగ కూలీల మధ్య చాటు ఉండదని. పాత చీర ముక్క ఒకటి నడుముకు దోపుకుని వెళ్ళేది, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. దగ్గితే, తుమ్మితే, గడ్డిమోపు ఎత్తితే కొన్ని చుక్కలు పడేవని చాలా ఏళ్ళకు తెలిసింది. అది ఫిస్టులా కాదు. కాన్పుల వల్ల, పచ్చి బాలింతగానే బరువులు మోయడం వల్ల మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాలు వదులైతే అలా అవుతుంది. మూత్రం ఆపుకున్నట్టుగా ఆ కండరాలను బిగించి, కొన్ని క్షణాలు పట్టి ఉంచి వదలడం రోజూ కొన్ని విడతలు, నెలల తరబడి చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టర్ 1948లోనే దీన్ని రాశాడు. ఇంకొందరికి ఉన్నట్టుండి తన్నుకొచ్చి, మరుగుదొడ్డి చేరేలోపే పోతుంది. దానికి వేరే అలవాట్లు, మందులు ఉన్నాయి. ఏ సమయమనీ పనీ లేకుండా ఎప్పుడూ కారుతూనే ఉంటే, అదీ కష్టమైన కాన్పు తర్వాతో పొత్తికడుపు ఆపరేషన్ తర్వాతో మొదలైతే, ఫిస్టులా అని అనుమానించి వెంటనే పెద్దాస్పత్రికి వెళ్ళాలి. చిన్న కన్నమైతే తొలి వారాల్లో కేథటర్ పెట్టి ఉంచితేనే మూసుకోవచ్చు. ఆలస్యమైనా ఆపరేషన్‌తో నయం చేసే వీలుంది. వయసు మీద పడింది, ఆడజన్మ అంతే అనే మాటలు నమ్మి కూర్చోవద్దు.

ఆపరేషన్ తర్వాత అని ఎందుకన్నానంటే, గర్భసంచి తీసేటప్పుడు మూత్రసంచికి దెబ్బ తగిలినా ఫిస్టులా వస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన కూలీ మనిషికి క్యాన్సర్ భయం చెప్పి సంచి తీసేసిన కథలు మన ఊళ్ళల్లో ఎన్ని విన్నాం!

ప్రపంచంలో ఏటా 50 వేల నుంచి లక్ష మంది స్త్రీలకు కాన్పు వల్ల ఫిస్టులా వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సిజేరియన్ సకాలంలో అందే దేశాల్లో ఇది దాదాపు మాయమైంది. ఆఫ్రికాలో, ఆసియాలో పేదల దగ్గర మిగిలింది.

సిమ్స్ విగ్రహాన్ని 1894లో న్యూయార్క్ బ్రయంట్ పార్కులో పెట్టారు. 1934లో సెంట్రల్ పార్క్ అంచుకు, వైద్య అకాడమీ ఎదుటికి మార్చారు. తూర్పు హార్లెమ్‌లో ఉండే నల్లవాళ్ళు, లాటినోలు రోజూ దాని ముందు నుంచే నడవాలి. తీసేయాలని వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. 2017 ఆగస్టులో నల్లజాతి యువతులు నెత్తుటి మరకల్లా ఎర్రరంగు పూసిన ఆస్పత్రి గౌన్లు వేసుకుని దాని ముందు నిలబడ్డారు. 2018 ఏప్రిల్ 17న క్రేన్ వచ్చి విగ్రహాన్ని దించింది. మాంట్‌గమరీలో 2021లో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి పనికిరాని ఇనుప సామాను అతికించి అనార్కా, బెట్సీ, లూసీల నిలువెత్తు రూపాలను నిలబెట్టింది.

ఇథియోపియాలో 1960ల మొదట్లో మామితు గాషే అనే పల్లెటూరి అమ్మాయి మొదటి కాన్పులో బిడ్డ చనిపోయి, ఫిస్టులాతో అడిస్ అబాబా చేరింది. చదువు లేదు. రెజినాల్డ్, కేథరిన్ హామ్లిన్ దంపతులు ఆమెకు చికిత్స చేశారు. పక్కలు సర్దే పనిలో కుదిరి, ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి పనిముట్లు అందిస్తూ, చూస్తూ చూస్తూ కుట్టడం నేర్చుకుంది. ఫిస్టులా సర్జన్ అయింది. పట్టాలున్న డాక్టర్లు ఆమె దగ్గర నేర్చుకున్నారు. సిమ్స్ విగ్రహం దిగిన 2018లోనే బీబీసీ ప్రకటించిన వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది.